యూగ్లీనా జవాబులో మూడు తప్పులు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. మీ పత్రిక విద్యార్థుల పేజీలో గత వారం ఇంటర్మీడియట్ బైపీసీ మొదటి సంవత్సరం పిల్లల కోసం ఇచ్చిన మాదిరి ప్రశ్నలలో యూగ్లీనా మీద నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి, దాని కింద జవాబు ప్రచురించారు. మా మనవరాలు ఆ జవాబును కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకుని, పొద్దున్నే వరండాలో పచార్లు చేస్తూ వల్లె వేస్తుంటే నా చెవిన పడింది. ఈ నగరంలో ముప్ఫై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక విని ఊరుకోలేకపోయాను. యూగ్లీనా తన ఆహారాన్ని పిండిపదార్థంగా నిల్వ చేసుకుంటుందని అందులో ఒక మాట ఉంది. ఎర్రని కంటిచుక్కతో వెలుగును చూస్తుందని మరొకటి. వెలుగులో మొక్కలాగా, చీకటిలో జంతువులాగా బతుకుతుంది కాబట్టి మొక్కలకూ జంతువులకూ నడుమ అది వారధి అని మూడవది. మొదటి రెండూ తప్పులు. మూడవది సగం నిజమే గాని, పిల్లలను అన్నిటికంటె ఎక్కువగా దారి తప్పించేది అదే. ఈ మూడింటినీ సవరిస్తూ అదే పేజీలో నాలుగు వాక్యాలు వేయవలసిందిగా కోరుతూ, ఆ సవరణ ఎందుకు అవసరమో కొంత వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పొడవైనందుకు మన్నించగలరు.

బైపీసీ చదవని పాఠకుల కోసం ముందుగా రెండు మాటలు. యూగ్లీనా ఒకే ఒక్క కణంతో బతికే జీవి. ప్రయోగశాలల్లో ఎక్కువగా పెంచే యూగ్లీనా గ్రాసిలిస్ అనే జాతి పొడవు ఇంచుమించు 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. పశువులు దిగే కుంటలో, వానాకాలం తరువాత పచ్చగా మారిన నీటి గుంటలో, మురుగు కలిసే చెరువు అంచున ఇది దొరుకుతుంది. సూక్ష్మదర్శిని కింద ఒక చుక్క పెట్టి చూస్తే కదురు ఆకారంలో ఉన్న పచ్చని కణం, ముందు కొసన ఉన్న చిన్న గుంటలోంచి బయటికి వచ్చిన, కొరడా వంటి ఒక పొడవాటి కశాభాన్ని ఝళిపిస్తూ, తన చుట్టూ తాను తిరుగుతూ ముందుకు సాగిపోతుంది. రెండవ కశాభం కూడా ఉంటుంది గాని, అది పొట్టిది. గుంట దాటి బయటికి రాదు. మొక్క కణానికి ఉండే సెల్యులోజ్ గోడ దీనికి లేదు. పొర అడుగున ప్రోటీన్ పట్టీలు, గ్రాసిలిస్‌లో నలభై దాకా, దుకాణం రోలింగ్ షట్టరు పట్టీల మాదిరిగా అంచుకు అంచు తగులుకుని మెలికలుగా చుట్టి ఉంటాయి. దీన్నే పెల్లికిల్ అంటాము. ఆ పట్టీలు ఒకదాని పక్కన ఒకటి జారడం వల్లనే, ఈత ఆపినప్పుడు ఆ కణం ఒకసారి ఉండలాగా, మరొకసారి పియర్ పండులాగా మారుతూ మెల్లగా పాకగలుగుతుంది. మొదటిసారి చూసిన విద్యార్థి ఎవరైనా కటకం మీదినుంచి కన్ను తీయడానికి ఇష్టపడకపోవడం నేను ఏటా చూశాను.

ఇక పిండిపదార్థం సంగతి. దీన్ని తేల్చడానికి ఏ పుస్తకమూ అక్కరలేదు. గాజు పలక మీద ఒక పక్క పలుచని గంజి చుక్క, మరొక పక్క యూగ్లీనా ఉన్న నీటి చుక్క వేసి, రెండింటిలోనూ కొంచెం అయోడిన్ ద్రావణం కలపండి. గంజి క్షణంలో నల్లని నీలంగా మారుతుంది. యూగ్లీనా చుక్కలో కణాలు చనిపోయి గోధుమ రంగుకు తిరుగుతాయి, కశాభం స్పష్టంగా కనబడుతుంది, కాని లోపల మెరిసే నిల్వ రేణువులకు నీలం అంటదు. అదే చోట స్పైరోగైరా అనే నాచు పోగును పెట్టి చూస్తే దాని హరితరేణువులలో (పత్రహరితం ఉండే పచ్చని భాగాలలో) పిండిపదార్థం పేరుకునే పైరినాయిడ్లు నల్లబడతాయి. ఈ తేడాకు కారణం అణువు అల్లికలో ఉంది. పిండిపదార్థం గ్లూకోజ్ అణువులు ఆల్ఫా-1,4 బంధాలతో కలిసి ఏర్పడిన గొలుసు. ఆ గొలుసు స్ప్రింగులా చుట్టుకుంటుంది, దాని బోలులో అయోడిన్ ఇరుక్కుంటుంది, నీలం రంగు అక్కడినుంచి వస్తుంది. యూగ్లీనా నిల్వ చేసేది కూడా గ్లూకోజ్ గొలుసే గాని, బంధాలు బీటా-1,3 రకం. అలాంటి మూడు గొలుసులు ఒకదానితో ఒకటి పురి తాడులా పెనవేసుకుని గట్టి స్ఫటిక రేణువులుగా పేరుకుంటాయి, అయోడిన్‌కు అందులో చోటు దొరకదు. దీని పేరు పారామైలాన్. గాట్లీబ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1850లోనే దీన్ని వేరు చేసి, ఇది పిండిపదార్థం కాదని గుర్తించి ఆ పేరు పెట్టాడు. మరొక ముఖ్యమైన తేడా ఏమిటంటే, మొక్కలో పిండిపదార్థం హరితరేణువు లోపల తయారవుతుంది, పారామైలాన్ మాత్రం హరితరేణువు బయట, కణద్రవ్యంలో పేరుకుంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే, హరితరేణువు ఈ కణానికి ఎక్కడినుంచో వచ్చిన అతిథి అన్న సంగతికి, నేను తరువాత చెప్పబోయేదానికి, దారి దొరుకుతుంది.

పారామైలాన్ అనే పేరు మార్చి రాస్తే చాలదా, ఇంత రాద్ధాంతం ఎందుకని మీ పేజీ చూసేవారికి అనిపించవచ్చు. ఆ పదార్థం ఏమవుతుందో తెలిస్తే అలా అనిపించదు. సూర్యాస్తమయం తరువాత పచ్చని కుంటలో కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది. నీటిలోని బ్యాక్టీరియా, శైవలాలు (నాచు జాతులు) అన్నీ శ్వాసిస్తూనే ఉంటాయి. మురుగు ఎక్కువగా ఉన్న చోట తెల్లవారేసరికి ఆక్సిజన్ ఇంచుమించు అడుగంటుతుంది. అప్పుడు యూగ్లీనా ఏమి చేస్తుందో 1982లో జపాన్ శాస్త్రజ్ఞులు ఇనూయి, ఆయన సహచరులు వివరించారు. అది పారామైలాన్‌ను విడగొట్టి మైనంగా మారుస్తుంది. సరిగ్గా చెప్పాలంటే మైనపు ఎస్టర్‌గా: ప్రధానంగా 14 కర్బన పరమాణువుల కొవ్వు ఆమ్లం, 14 కర్బన పరమాణువుల ఆల్కహాల్ కలిసిన అణువు అది. సాధారణంగా కణాలు కొవ్వు ఆమ్లాన్ని తయారు చేయడానికి కణానికి శక్తినిచ్చే అణువైన ఏటీపీని ఖర్చు పెడతాయి. ఆక్సిజన్ లేని వేళ ఆ ఖర్చు భరించడం కష్టం. యూగ్లీనా మైటోకాండ్రియా ఆ పనికి మరొక దారి పట్టింది: కొవ్వును కాల్చే బీటా ఆక్సీకరణ చర్యలనే వెనుకకు నడిపి, ఏటీపీ వెచ్చించకుండా కొవ్వు గొలుసును పెంచుతుంది. గ్లూకోజ్ విడిపోయినప్పుడు దొరికిన ఏటీపీ అలా మిగులుతుంది. పేరుకుపోయిన హైడ్రోజన్‌కు కూడా ఆ గొలుసులో చోటు దొరుకుతుంది.

ఇడ్లీ పిండి పులిసినప్పుడు జరిగేదానితో దీన్ని పోల్చి చూడండి. అక్కడ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని బయటికి వదిలేస్తాయి; ఆ శక్తి వాటికి తిరిగి రాదు, రుచిగా మనకు దక్కుతుంది. ఈస్టు కూడా అంతే, ఆల్కహాల్‌ను బయట పారబోస్తుంది. యూగ్లీనా తన కిణ్వనంలో పుట్టినదాన్ని కణం లోపలే దాచుకుని, మళ్లీ గాలి అందగానే ఆ మైనాన్ని తిరిగి పారామైలాన్‌గా మార్చుకుంటుంది. నిల్వ పిండిపదార్థమే అయితే ఈ కథ మొత్తం లేదు. పిల్లల చేత ‘పిండిపదార్థం’ అని రాయిస్తే పోయేది ఒక మాటే కాదు, ఇంత అద్భుతమైన రసాయనం కూడా. జపాన్‌లో ఇషిగాకి దీవిలో 2005 నుంచి ఈ జీవిని పెద్ద చెరువుల్లో ఆహారం కోసం పెంచుతున్నారని, ఆ మైనాన్ని ఇంధనంగా మార్చే ప్రయత్నాలు సాగుతున్నాయని బైపీసీ పిల్లలకు చెబితే వారి కళ్లు మెరవవా?

రెండవ తప్పు కంటిచుక్క. పేరులోనే కన్ను ఉంది కాబట్టి అది చూస్తుందనుకోవడం సహజం. 1830లో ఎరెన్‌బర్గ్ ఈ ప్రజాతికి పేరు పెట్టినప్పుడు కూడా మనసులో ఉన్నది ఆ ఎర్రని చుక్కే. గ్రీకులో గ్లీనీ అంటే కనుగుడ్డు. కాని ఆ చుక్క నిజానికి కెరోటినాయిడ్ రంగుతో నిండిన నూనె బిందువుల గుంపు. దానికి వెలుగును గ్రహించి కణానికి కబురు చెప్పే శక్తి లేదు. ఆ పని చేసేది దాని ఎదురుగా, పొడవాటి కశాభం అడుగుభాగంలో ఉన్న చిన్న ఉబ్బు. కంటిచుక్క ఆ ఉబ్బుకు గొడుగు మాత్రమే. కణం తన చుట్టూ తాను తిరుగుతూ ఈదుతుందని పైన చెప్పాను గదా. వెలుగు ఒక పక్కనుంచి పడుతుంటే, ప్రతి చుట్టులో ఒకసారి ఎర్రని చుక్క నీడ ఆ ఉబ్బు మీద పడుతుంది. నీడ పడిన క్షణంలో కశాభం కొట్టే తీరు మారి దిశ కొంచెం తిరుగుతుంది. వెలుగుకు ఎదురుగా సూటిగా తిరిగిన తరువాత నీడ మారదు, కనుక దిద్దుబాటు కూడా అవసరం ఉండదు. రెండు కళ్లు లేని జీవి, తన తిరుగుడునే ఆసరా చేసుకుని వెలుగు ఎటునుంచి వస్తోందో కనుక్కునే పద్ధతి ఇది.

ఆ ఉబ్బులో ఉన్నదేమిటో 2002లో గాని తేలలేదు. ఇసెకి, వటనాబె బృందం దాన్ని కశాభాలతో సహా వేరు చేసి, అందులో ఫ్లేవిన్ అనే, నీలి కాంతిని పట్టే పదార్థం కలిగిన ఒక ఎంజైమును కనిపెట్టింది. నీలి కాంతి పడగానే ఆ ఎంజైము ఏటీపీని సైక్లిక్ ఏఎంపీగా మారుస్తుంది. సైక్లిక్ ఏఎంపీ అంటే మన శరీరంలోనూ అడ్రినలిన్ వంటి హార్మోన్ల కబురును కణం లోపలికి మోసుకువెళ్లే అణువే. సాధారణంగా వెలుగును పట్టే ప్రోటీన్ ఒకటి, కబురు తయారు చేసే ఎంజైము మరొకటి, నడుమ మధ్యవర్తులు కొందరు ఉంటారు. ఇక్కడ కాంతిని పట్టేదీ, కబురు తయారుచేసేదీ ఒకే ప్రోటీను. అందుకే నాడీ శాస్త్రజ్ఞులు కొద్ది ఏళ్లలోనే ఆ ఎంజైము జన్యువును ఇతర జంతువుల కణాల్లో పెట్టి, నీలి దీపం వెలిగించి ఆర్పుతూ ఆ కణాల్లో సైక్లిక్ ఏఎంపీని తమ ఇష్టం వచ్చినప్పుడు పెంచగలిగారు. క్లామిడోమోనాస్ అనే మరొక ఏకకణ శైవలంలోనూ కంటిచుక్క ఉంది. అయితే అది హరితరేణువు లోపల ఉంటుంది, అక్కడి కాంతి గ్రాహకం మన కంటిలోని రొడాప్సిన్ తరహాది. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

మా కళాశాలలో ఏటా ఒక చిన్న ప్రయోగం చేయించేవాణ్ణి. పచ్చగా యూగ్లీనా పెరిగిన నీటిని గాజు సీసాలో పోసి, సీసా చుట్టూ నల్ల కాగితం చుట్టి, ఆ కాగితంలో బ్లేడుతో ‘అ’ అనే అక్షరం కత్తిరించి, కిటికీ దగ్గర ఎండ నేరుగా తగలని చోట పెట్టేవాళ్లం. గంట రెండు గంటలకు కాగితం తీస్తే, గాజు లోపలి అంచున పచ్చని ‘అ’ కనబడేది. అక్షరం అంచులు కొంచెం చెదిరి ఉండేవి, సీసా కదిపితే కరిగిపోయేది. ఎండలో పెట్టినప్పుడు ఆ అక్షరం ఏర్పడేది కాదు, ఎందుకంటే అంత వెలుగు నుంచి అవి పారిపోతాయి. ఇంకొక సంగతి: వెలుగు వైపు పోయే ఈ గుణం పగటి వేళ బలంగా, రాత్రి వేళ బలహీనంగా ఉంటుందనీ, చీకట్లో ఉంచినా కొన్నాళ్లపాటు ఆ లయ సాగుతుందనీ 1948లో పోల్ చూపించాడు. ఒక్క కణానికి కూడా గడియారం ఉందని తెలిసిన తొలి సందర్భాలలో అది ఒకటి. ‘కంటిచుక్కతో చూస్తుంది’ అన్న ఒక్క వాక్యం వెనుక ఇంత విషయం మూతపడిపోయింది.

మూడవ మాటకు వస్తాను. ‘పగలు మొక్క, రాత్రి జంతువు’ అన్నది వినసొంపుగా ఉంటుంది, కనుకనే తరతరాలుగా నిలిచిపోయింది. బోటనీ పుస్తకంలోనూ జువాలజీ పుస్తకంలోనూ యూగ్లీనా కనబడుతుంది కాబట్టి రెండు తరగతుల పిల్లలూ దీన్ని వల్లిస్తారు. కాని చీకటి పడగానే అది జంతువుగా మారదు. మన పెరట్లోని జామ చెట్టు కూడా రాత్రి కిరణజన్య సంయోగక్రియ చేయదు, నిల్వలను శ్వాసక్రియలో ఖర్చు పెడుతుంది. దాన్ని ఎవరూ జంతువని అనరు. పగటి వెలుగులో ఉన్న యూగ్లీనా గ్రాసిలిస్ కూడా నీటిలో అసిటేట్, ఆల్కహాల్, గ్లూకోజ్ వంటివి కరిగి ఉంటే పీల్చుకుంటూనే ఉంటుంది. దాని పోషణ వెలుగును బట్టి మారే రెండు వేషాలుగా ఉండదు. రెండూ కలిసి సాగే మిశ్రమ పోషణ అది. పైగా ఇది కరిగిన పదార్థాలను పీల్చుకుంటుంది గాని, జంతువులాగా ఆహారపు ముక్కలను మింగదు. మింగేవి దీని బంధువుల్లో ఉన్నాయి, పెరానీమా వంటివి; వాటికి హరితరేణువు లేదు.

దీర్ఘకాలం చీకట్లో పెంచితే హరితరేణువులు కుంచించుకుపోయి రంగులేని చిన్న తిత్తులుగా మిగులుతాయి. మళ్లీ వెలుగు చూపితే దాదాపు 72 గంటల్లో పచ్చదనం పూర్తిగా తిరిగి వస్తుంది. కాని స్ట్రెప్టోమైసిన్ పెట్టినప్పుడు జరిగేది వేరు. 1948లో ప్రొవసోలి, హట్నర్, ఆ మందును కనుగొన్నవారిలో ఒకరైన షాట్జ్ కలిసి చేసిన పరిశీలన ఇది. క్షయకు వాడే ఆ మందును పచ్చని యూగ్లీనాకు ఇచ్చి పెంచితే, తరువాత పుట్టిన కణాలు తెల్లబడ్డాయి. మందు తీసేసి వెలుగులో పెట్టినా వాటికి గాని, వాటి సంతతికి గాని పచ్చదనం మళ్లీ రాలేదు. కణం చావలేదు, ఆహారం ఇస్తే తెల్లగానే తరాల తరబడి పెరిగింది. బ్యాక్టీరియాను చంపే మందు యూగ్లీనాను బతకనిచ్చి, దానిలోని హరితరేణువును మాత్రమే మాయం చేసిందంటే, ఆ హరితరేణువులో ప్రోటీన్లను తయారు చేసే రైబోసోములు బ్యాక్టీరియా రైబోసోముల తరహావేనని అర్థం. మొక్కకు హరితరేణువు తీసేస్తే మొక్క బతకదు. యూగ్లీనాకు అది తీసేసినా మిగిలిన కణం తన దారిన తాను బతుకుతుంది.

దీనికి కారణం దాని వంశ చరిత్రలో ఉంది. మొక్క హరితరేణువుకు రెండు పొరలు. యూగ్లీనా హరితరేణువుకు మూడు. ఎప్పుడో పూర్వకాలంలో, ముక్కలను మింగి బతికే ఒక కశాభజీవి పచ్చని శైవల కణాన్ని మింగి, జీర్ణం చేసుకోకుండా లోపల నిలుపుకుంది. పత్రహరితం ఎ, బి రెండూ యూగ్లీనాలో ఉండటానికి, మూడవ పొర ఉండటానికి కారణం అదే. కేంద్రకంలో రాసి ఉన్న హరితరేణువు ప్రోటీన్లు కూడా ఇక్కడ నేరుగా దానిలోకి పోవు. కణం లోపలి పొరల వ్యవస్థ గుండా చిన్న తిత్తుల్లో ప్రయాణించి చేరతాయి. అంటే పిల్లల పుస్తకంలో బొమ్మకు నడుమ పచ్చగా రంగు వేసే ఆ భాగం అప్పు తెచ్చుకున్నది, ఇల్లు కట్టుకుని ఉండిపోయినది. ఆ ఇంటి అసలు వారి బంధువులెవరు? కాలా అజార్ కలిగించే లీష్మానియా, ఆఫ్రికా నిద్ర జబ్బునూ మన పశువుల్లో సర్రా వ్యాధినీ కలిగించే ట్రిపనోసోములు. కశాభం వెంబడి సాగే ఒక ప్రత్యేకమైన కడ్డీ, ఆర్‌ఎన్‌ఏ ముక్కలను అతికించే ఒక విచిత్రమైన పద్ధతి, డీఎన్‌ఏలో మరెక్కడా సాధారణంగా కనబడని ఒక మార్పిడి బేస్, ఇవన్నీ యూగ్లీనాకూ వీటికీ ఉమ్మడి ఆస్తి. 1903లో మద్రాసులో పనిచేస్తూ డొనొవన్ గుర్తించిన లీష్మానియా పరాన్నజీవి, మన కుంటలోని ఈ పచ్చని కణం దాయాదులు. ఇంత దగ్గర చుట్టరికాన్ని దాచిపెట్టి, ‘మొక్కకూ జంతువుకూ వారధి’ అని చెప్పడం వల్ల ఆ జీవి చరిత్ర పూర్తిగా తలకిందులవుతుంది. మొక్కలు గాని, జంతువులు గాని దీని మీదుగా పుట్టలేదు.

ఇంతవరకు తప్పులు చెప్పాను. ఆ జవాబులో లేకపోయినా ఉండవలసిన ఒక విషయం, నా దృష్టిలో అన్నిటికంటె విలువైనది, విటమిన్ బి12. యూగ్లీనా వెలుగులో ఎంత పచ్చగా ఉన్నా ఈ విటమిన్‌ను తయారు చేసుకోలేదు; బ్యాక్టీరియా తయారు చేసి నీటిలో వదిలినదాని మీద ఆధారపడుతుంది. 1948లో బి12ను స్ఫటికంగా వేరు చేసిన మరుసటి ఏడే హట్నర్ బృందం ఈ లక్షణాన్ని కనిపెట్టింది. 1950 నుంచి రోగి రక్తంలో బి12 ఎంతుందో కొలవడానికి వైద్యులు ఈ జీవినే వాడారు: రక్తపు సీరమ్ కొంచెం కలిపిన ద్రావణంలో యూగ్లీనాను వదిలి, కొన్ని రోజుల తరువాత ఎంత పచ్చగా పెరిగిందో చూసేవారు. ఒక మిల్లీలీటరులో కొన్ని పైకోగ్రాములు, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతులు కొన్ని, ఉన్నా అది పసిగడుతుంది.

బి12 కరవైన యూగ్లీనాను చూస్తే నాకు ఎప్పుడూ ఆసుపత్రి ప్రయోగశాలలోని రక్తపు పలక గుర్తుకొచ్చేది. విటమిన్ అందని ఆ కణం చావదు, చిక్కిపోదు, ఉబ్బిపోతుంది. ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏ తయారవుతూనే ఉంటాయి, డీఎన్‌ఏ తయారీ ఆగిపోతుంది, కనుక చీలడం కుదరదు, కణం పెరిగి పెరిగి రాక్షస పరిమాణానికి వస్తుంది. పాలు, మాంసం తగినంత తినని మనిషిలోనూ, జీర్ణవ్యవస్థ బి12ను గ్రహించలేని మనిషిలోనూ ఎముక మజ్జలో కనబడే పెద్దపెద్ద అపరిపక్వ రక్తకణాలు ఇదే కారణంగా పుడతాయి. దారులు మాత్రం వేరు. యూగ్లీనాలో ఆర్‌ఎన్‌ఏ ముక్కలను డీఎన్‌ఏ ముక్కలుగా మార్చే ఎంజైముకే బి12 నేరుగా కావాలి. మనలో ఆ ఎంజైముకు అది అక్కరలేదు. బి12 లేకపోతే ఫోలిక్ ఆమ్లం ఒకచోట చిక్కుకుపోయి, డీఎన్‌ఏకు కావలసిన ఒక అక్షరం తయారు కాదు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకత్వం వహించినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు నేర్పే పుస్తకంలోనే, కుంటలోని పచ్చని కణం ద్వారా ఆ రసాయనాన్ని కూడా నేర్పవచ్చు. ఎర్ర రక్తకణం, యూగ్లీనా ఒకే కొరతకు ఒకే రూపంలో లొంగిపోతాయని తెలిసిన పిల్లవాడు వైద్యకళాశాలలో ఆ రక్తహీనతను మరచిపోడు.

ఇదే విషయం మన నగరానికి కూడా తగులుతుంది. యూగ్లీనా గ్రాసిలిస్ నైట్రేట్‌ను వాడుకోలేదు. దానికి అమ్మోనియం గాని అమినో ఆమ్లాలు గాని కావాలి. బి12 బ్యాక్టీరియా ఇవ్వాలి. కరిగిన సేంద్రియ పదార్థం ఉంటే ఇంకా మేలు. ఈ మూడూ పుష్కలంగా దొరికే చోటు ఏదో మూసీ ఒడ్డున నిలబడినవారికి చెప్పనక్కరలేదు. సేంద్రియ కాలుష్యాన్ని తట్టుకునే శైవలాల పట్టికను 1969లో పామర్ తయారు చేసినప్పుడు యూగ్లీనాను మొదటి వరుసలో ఉంచింది ఊరికే కాదు. అదే సంవత్సరం వెంకటేశ్వర్లు మూసీ నది శైవలాల మీద, కాలుష్యాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన అధ్యయనం వెలువడింది. అంతకుముందు జాఫర్, ఆ తరువాత మునావర్ హైదరాబాద్ చెరువుల నీటినీ, వాటి శైవలాలనూ ఏళ్ల తరబడి పరిశీలించారు. నా తరం వారు ఈ పేర్లు విని చదువుకున్నాము. ఇప్పటి పిల్లలకు యూగ్లీనా కాగితం మీది బొమ్మే. అది తమ ఇంటికి అరకిలోమీటరు దూరంలోని చెరువులో ఉందని, దాని ఉనికి ఆ నీటిని గురించి ఏదో చెబుతోందని ఎవరూ చెప్పడం లేదు. కొన్ని చేపల చెరువుల మీద మధ్యాహ్నం ఇటుక రంగు తెట్టు కట్టి, ఉదయానికి పచ్చగా కనబడటం రైతులు చూసే ఉంటారు. అది యూగ్లీనా సాంగ్వినియా కావచ్చు. ఎండ తీవ్రతకు ఎర్రని రంగు రేణువులను కణం అంచులకు పరచుకుంటుంది, ఎండ తగ్గితే నడుమకు లాక్కుంటుంది. యూగ్లీనాలలో కొన్ని చేపలను చంపే విషాన్ని తయారు చేస్తాయని 2004లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపారు. కనుక ఆ తెట్టును ‘నాచు’ అని ఒక్క మాటలో తోసిపుచ్చడం చేపలు పెంచేవారికి కూడా మంచిది కాదు.

ఈ ఉత్తరానికి పాఠం చెప్పడం ఉద్దేశం కాదు, సవరణ కోరడం. మీ పేజీలో వచ్చిన జవాబును వేలాది పిల్లలు నమ్ముతారు, ఎందుకంటే అది అచ్చులో ఉంది. నాలుగు మార్కుల కోసం కణం బొమ్మ గీసి పది పేర్లు గుర్తించడం నేర్పుతున్నాము. ఆ పేర్లలో రెండు అబద్ధపు పని చేస్తున్నాయి. కంటిచుక్కకు ‘గ్రాహకానికి నీడ ఇచ్చే రంగు రేణువులు’ అనీ, నిల్వకు ‘పారామైలాన్’ అనీ, పోషణకు ‘మిశ్రమ పోషణ, హరితరేణువు మింగిన శైవలం నుంచి వచ్చినది’ అనీ రాస్తే అదే నాలుగు మార్కుల్లో సరిపోతుంది, జవాబు పొడవు కూడా పెరగదు. గంజి చుక్క, అయోడిన్ ప్రయోగాన్ని పక్కన ఒక చిన్న పెట్టెలో వేస్తే ఇంకా సంతోషం. ఏ కళాశాల ప్రయోగశాలలోనైనా అది పావుగంటలో అవుతుంది.

నేను చెప్పినదంతా విన్న తరువాత మా మనవరాలు అడిగింది: ‘మరి పరీక్షలో ఏది రాయాలి తాతయ్యా? దిద్దేవాళ్ల దగ్గర పిండిపదార్థం అనే ఉంటే?’ నేను పారామైలాన్ అనే రాయమన్నాను. రాసిన తరువాత మార్కు పోతే ఆ అమ్మాయి నన్నే అడుగుతుంది; ఆ మార్కు పోకూడదనే, పరీక్షలకు ముందుగా ఈ సవరణ అదే పేజీలో, అదే పరిమాణంలో అచ్చు వేయవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

భవదీయుడు,
వృక్షశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
తార్నాక, హైదరాబాద్